అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ పెంచాలంటే: పాత లెక్క నుంచి తీర్మానం దాకా

హనుమకొండ, కాజీపేట, వరంగల్ అపార్ట్‌మెంట్లలో ఏటా ఎండాకాలం మొదలుకాగానే ఒకటే ప్రశ్న వస్తుంది. "మెయింటెనెన్స్ సరిపోతలేదు, పెంచుదామంటే సగం మంది ఒప్పుకుంటలేరు, ఎట్ల చేయాలె?" అడిగేది ఎక్కువగా కొత్తగా సెక్రటరీయో, ట్రెజరరో అయినవాళ్లు. అవతలి వైపు వాళ్లు కూడా అంతే గట్టిగా అడుగుతారు: "మమ్మల్ని అడగకుండనే ఆరొందలు పెంచిన్రు, కట్టాల్నా?" ఇద్దరికీ పనికొచ్చేలా వరుసగా రాస్తున్నాను. ఎక్కువ భాగం కమిటీ వాళ్లకు. పెంపు వద్దనేవాళ్ల కోసం 8వ దశ ఉంది, కానీ వాళ్లు కూడా ముందు 1, 2 దశలు చదవాలి.

నేను చూసినంతవరకు ఈ గొడవలు అయిదారు వందల కోసం జరగవు. ఇదివరకు కట్టిన పైసలు ఎటు పోయాయో తెలియక జరుగుతాయి. అందుకే పాత లెక్క తేలకుండా మీటింగ్ పెట్టొద్దు. ఎంత తొందరున్నా సరే.

కావలసినవి

- అసోసియేషన్ బైలా (సంఘం నియమావళి) కాపీ, ఏదైనా ఒక ఫ్లాటు సేల్ డీడ్
- గత 12 నెలల బ్యాంకు స్టేట్‌మెంట్
- కామన్ మీటర్ కరెంటు బిల్లులు 12 నెలలవి (పోయి ఉంటే సర్వీస్ నంబరుతో కరెంటు సంస్థ ఎన్‌పీడీసీఎల్ నుంచి తీసుకోవచ్చు)
- లిఫ్ట్ ఏఎంసీ (ఏడాది నిర్వహణ) ఒప్పందం, జనరేటర్ లాగ్ బుక్, ట్యాంకర్ల చీటీలు
- రసీదు పుస్తకాలు, మినిట్స్ పుస్తకం
- ఫ్లాటు వారీగా ఎవరు ఎంతవరకు కట్టారో చూపే పట్టిక
- కమిటీలో లేని ఒక మనిషి, లెక్క సరిచూడటానికి. రిటైరైన బ్యాంకు ఉద్యోగో, టీచరో ప్రతి అపార్ట్‌మెంట్‌లో ఒకరుంటారు. వెళ్లి "సార్, మీరొక్కసారి చూసి సంతకం పెడితే అందరికీ నమ్మకం కుదురుతది" అని అడగండి. కాదనరు.

అసోసియేషన్ రిజిస్టర్ కాకుంటే ఆ పని కూడా ఈ ఏడాదే పెట్టుకోండి. తెలంగాణలో 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం 7 మంది సభ్యులుంటే చాలు, జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో అవుతుంది. రిజిస్టర్ కాని సంఘం పేరుతో బాకీ వసూలు చేయాలన్నా, బిల్డర్‌ను నిలదీయాలన్నా చేతులు కట్టేసినట్టు ఉంటుంది.

1. 12 నెలల ఖర్చు ఒక్క కాగితం మీదికి తేండి

మూడు నెలల సగటు తీసి ఏడాదికి అంచనా వేయడం అందరూ చేసే తప్పు. నవంబర్ నుంచి జనవరి దాకా లెక్క తీస్తే ట్యాంకర్లు కనపడవు, మోటార్ తక్కువ నడుస్తుంది, కరెంటు తక్కువ వస్తుంది. మార్చి నుంచి జూన్ దాకా బోరు అడుగంటినప్పుడే అసలు ఖర్చు. ఏప్రిల్ నుంచి మార్చి దాకా 12 నెలలూ తీయండి. ఏడాదికోసారి వచ్చే ఖర్చులను 12తో భాగించి నెలకు మార్చండి.

24 ఫ్లాట్లు, ఒక లిఫ్ట్, ఒక జనరేటర్ ఉన్న అపార్ట్‌మెంట్ అనుకుందాం. ఈ అంకెలు లెక్క చూపడానికే. మీ బిల్లుల్లో ఉన్నవి వేసుకోండి.

- వాచ్‌మెన్ జీతం: 11,000
- స్వీపర్, చెత్త: 3,500
- కామన్ కరెంటు (12 నెలల సగటు): 9,000
- లిఫ్ట్ ఏఎంసీ (ఏడాదికి 36,000): 3,000
- జనరేటర్ డీజిల్, సర్వీసు (ఏడాదికి 24,000): 2,000
- నీళ్ల ట్యాంకర్లు (ఏడాదికి 48,000): 4,000
- సంపు, పైట్యాంకు కడిగించడం (ఏడాదికి 12,000): 1,000
- ప్లంబర్, ఎలక్ట్రీషియన్, చిన్న రిపేర్లు (ఏడాదికి 42,000): 3,500
- ఫినాయిల్, బల్బులు, సీసీ కెమెరాలు: 1,500
- ఆడిటర్, స్టేషనరీ (ఏడాదికి 6,000): 500

మొత్తం నెలకు 39,000. ఫ్లాటుకు 1,625.

సరిచూసుకోవడం: ఏడాది మొదట్లో బ్యాంకులో ఉన్నది, దానికి వచ్చింది కలిపి, ఖర్చు తీసేస్తే ఏడాది చివర నిల్వకు సమానం కావాలి. వంద రెండొందలు తేడా ఉన్నా ఎక్కడో వెతికి రాయండి. తేడా పెద్దగా వస్తే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, చేతి నగదు. ఎవరో నగదు ఇచ్చారు, అందులోంచే మోటార్ మెకానిక్‌కు ఇచ్చేశారు, రెండూ బ్యాంకులో కనపడవు. ట్రెజరర్ సొంత ఫోన్ నంబరుకు పైసలు వేయించుకోవడం కూడా ఇదే రకం. మనిషి ఎంత మంచివాడైనా వద్దు. అసోసియేషన్ ఖాతా క్యూఆర్ కోడ్ తీసి లిఫ్ట్ పక్కన అతికించండి.

పండుగల ఖర్చు ఈ పట్టికలో ఉండకూడదు. గణపతి మండపం, బతుకమ్మ రోజు లైట్లు, సౌండ్ సెట్, ప్రసాదాలు అన్నీ చందాతో జరగాలి, దానికి వేరే పుస్తకం ఉండాలి. మెయింటెనెన్స్ నుంచి తీశారని ఒక్కరికి తెలిసినా మీటింగ్ అక్కడే ఆగిపోతుంది. వాళ్లు అడిగేది కూడా న్యాయమే.

2. బాకీ వేరు, తరుగు వేరు

పై అపార్ట్‌మెంట్‌లో ఇప్పుడు ఫ్లాటుకు 1,500 అనుకుందాం. అందరూ కడితే 36,000 రావాలి. ముగ్గురు ఏడాదిగా కట్టడం లేదు కాబట్టి 31,500 వస్తోంది. ఖర్చు 39,000. నెలకు 7,500 లోటు.

కమిటీ సాధారణంగా ఈ 7,500 పట్టుకుని "ఫ్లాటుకు 300 పైన పెంచాలె" అంటుంది. ఇక్కడే కట్టేవాళ్లకు మండుతుంది. ఆ లోటులో 4,500 ముగ్గురి బాకీ. ధరలు పెరగడం వల్ల వచ్చిన తరుగు 3,000 మాత్రమే, అంటే ఫ్లాటుకు 125. బాకీని పెంపుతో పూడిస్తే సక్రమంగా కట్టేవాళ్లు ఎగ్గొట్టేవాళ్ల వాటా మోస్తున్నట్టు. అది తెలిసిన నెల నుంచి నాలుగో వాళ్లు కూడా ఆపేస్తారు.

అందుకని రెండు అంకెలూ వేర్వేరుగా రాయండి. ఒకటి పెంచి రాబట్టాలి, ఇంకోటి వసూలు చేసి రాబట్టాలి. బాకీదారుల పేర్లు నోటీసు బోర్డు మీద, వాట్సాప్ గ్రూపులో వేయొద్దు. పేరు పడ్డవాళ్లు సిగ్గుపడి కట్టరు, పంతానికి పోతారు. జనరల్ బాడీ (సభ్యులందరి సమావేశం) ముందు ఫ్లాటు నంబరు, మొత్తం చెబితే సరిపోతుంది. అంతకంటే ముందు వాళ్ల ఇంటికి వెళ్లి ఎందుకు ఆపారో కనుక్కోండి. చాలాసార్లు వెనక ఒక ఫిర్యాదు ఉంటుంది: బాత్రూమ్ పైనుంచి కారుతోందని ఎప్పుడో చెప్పారు, ఎవరూ పట్టించుకోలేదు. ఆ పని చేయిస్తే బాకీ దానంతటదే వస్తుంది.

3. పెంచే ముందు తగ్గించగలిగింది తగ్గించండి

- కారిడార్, సెల్లార్ బల్బులు ఎల్‌ఈడీకి మార్చారా? సెల్లార్‌లో పగలంతా లైట్లు వెలుగుతున్నాయా?
- పైట్యాంకు పొంగి పోతోందా? ఫ్లోట్ స్విచ్ పెడితే నీళ్లూ, కరెంటూ రెండూ మిగులుతాయి. బోరు నీళ్లు పైనుంచి కారిపోతూ, కింద ట్యాంకర్‌కు పైసలు ఇచ్చే అపార్ట్‌మెంట్లు మన దగ్గర చాలానే ఉన్నాయి.
- జనరేటర్ నడిచిన గంటలకూ, పోసిన డీజిల్‌కూ పొంతన ఉందా?
- లిఫ్ట్ ఏఎంసీలో విడిభాగాలు కలిసి ఉన్నాయా, సర్వీసు మాత్రమేనా? రెండు రకాలకూ ధర అడిగి, గత రెండేళ్లలో విడిభాగాలకు పెట్టింది కలిపి పోల్చండి.
- మున్సిపల్ కార్పొరేషన్ నల్లా కనెక్షన్ ఉండీ నీళ్లు సరిగ్గా రాకుంటే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చారా?

మీ బిల్డింగు చేతికొచ్చి 5 ఏళ్లు కాలేదా? రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) రిజిస్టరైన ప్రాజెక్టు అయితే నిర్మాణ లోపాలు, పనితనంలో లోపాలు 5 ఏళ్ల లోపు చూపిస్తే బిల్డరే సొంత ఖర్చుతో 30 రోజుల్లో సరిచేయాలని 2016 రెరా చట్టం 14వ సెక్షన్ చెబుతుంది. టెర్రస్ కారడం, గోడల పగుళ్లు లాంటివాటికి మెయింటెనెన్స్ నుంచి పైసలు తీసే ముందు బిల్డర్‌కు ఫొటోలతో సహా లెటర్ రాయండి. ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు.

ఒక హెచ్చరిక. ఖర్చు తగ్గించడం అనగానే కొందరు వాచ్‌మెన్ జీతం మీద పడతారు. కుటుంబంతో సహా మెట్ల కింద చిన్న గదిలో ఉంటూ రాత్రింబవళ్లు మోటారూ గేటూ చూసుకునే మనిషి జీతంలో కోతపెట్టి లోటు పూడ్చడం తప్పు. నా మాటగా ఇది గట్టిగానే చెబుతున్నాను. జీతం ఏటా ఎంత పెంచుతారో కూడా ఇప్పుడే పట్టికలో వేసుకోండి.

4. నెల ఖర్చు ఒక ఖాతా, రిపేరు నిధి ఇంకో ఖాతా

చిన్న అపార్ట్‌మెంట్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడ. నెల ఖర్చుకు సరిపోతే చాలనుకుంటారు. ఒకరోజు లిఫ్ట్ రోపులు మార్చాలంటారు, ఫ్లాటుకు పది వేలు ఒకేసారి అడగాల్సి వస్తుంది, అప్పుడు మొదలవుతుంది అసలు గొడవ. పెద్ద పనులను ముందే నెలలకు పంచాలి.

- బయటి పెయింటింగ్: 5,04,000, ఏడేళ్లకోసారి (84 నెలలు) → నెలకు 6,000
- టెర్రస్ వాటర్ ప్రూఫింగ్: 2,88,000, ఎనిమిదేళ్లు (96 నెలలు) → 3,000
- లిఫ్ట్ రోపులు, ప్యానెల్: 2,40,000, పదేళ్లు (120 నెలలు) → 2,000
- బోరు మోటార్, పైపులు: 60,000, అయిదేళ్లు (60 నెలలు) → 1,000

నెలకు 12,000. ఫ్లాటుకు 500. ఇవి కూడా ఉదాహరణ అంకెలే. మీవి కనీసం రెండు కొటేషన్లు తీసుకుని వేయండి.

మన ఊళ్లో సెల్లార్ ఉన్న అపార్ట్‌మెంట్లు ఇంకో పద్దు కలపాలి. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో హనుమకొండ, వరంగల్ కాలనీలు ఎట్లా మునిగాయో అందరికీ గుర్తుంది. సెల్లార్‌లోకి నీళ్లొస్తే లిఫ్ట్ గుంత, సంపు మోటార్, మీటర్ల బోర్డు అన్నీ ఒకేసారి దెబ్బతింటాయి. నీళ్లు తోడే పంపు, మీటర్ బోర్డు ఎత్తు పెంచడం, సంపు మూతలకు గట్టు కట్టడం ఈ నిధిలో మొదటి పనులుగా పెట్టుకోండి. నాలాల దగ్గర, చెరువు దిగువన ఉన్నవాళ్లు అసలు ఆలస్యం చేయొద్దు.

నిధిని వేరే ఖాతాలో వేయండి. అందులోంచి తీయాలంటే జనరల్ బాడీ తీర్మానం ఉండాలని రాసుకోండి. బిల్డర్ కార్పస్ ఫండ్ (ఫ్లాట్లు అమ్మేటప్పుడు తీసుకునే మూల నిధి) వసూలు చేసి ఉంటే అది అసోసియేషన్‌కు బదిలీ అయిందా, ఎంత అయింది, ఇప్పుడు ఎంతుంది అనేవి కూడా ఈ కాగితం మీదే రాయండి. "కార్పస్ ఉంది కదా, అది వాడండి" అని ఒకరైనా అంటారు. నెల ఖర్చులకు అది వాడితే రెండేళ్లలో అయిపోతుంది, పెంపు మాత్రం అప్పుడూ తప్పదు.

5. పంచేది ఎట్లా: ఫ్లాటుకింతనా, ఎస్‌ఎఫ్‌టీకింతనా?

ముందు బైలా, సేల్ డీడ్ చూడండి. అక్కడ రాసిన పద్ధతే నడవాలి. మార్చాలంటే బైలా సవరణకు ఎంతమంది ఒప్పుకోవాలని ఉందో అంతమంది ఒప్పుకోవాలి. మామూలు మీటింగ్‌లో చేతులెత్తి మార్చేస్తే తర్వాత నిలబడదు.

ఏమీ రాసిలేకుంటే మూడు దారులున్నాయి. 24లో 16 ఫ్లాట్లు 1,100 ఎస్‌ఎఫ్‌టీ టూ బెడ్‌రూమ్, 8 ఫ్లాట్లు 1,500 ఎస్‌ఎఫ్‌టీ త్రీ బెడ్‌రూమ్ అనుకోండి. నెల ఖర్చు 39,000.

- అందరికీ సమానం: ఒక్కో ఫ్లాటుకు 1,625
- పూర్తిగా ఎస్‌ఎఫ్‌టీ మీద: టూ బెడ్‌రూమ్‌కు దాదాపు 1,450, త్రీ బెడ్‌రూమ్‌కు దాదాపు 1,980
- సగం సమానం, సగం ఎస్‌ఎఫ్‌టీ మీద: టూ బెడ్‌రూమ్‌కు 1,537, త్రీ బెడ్‌రూమ్‌కు 1,801

వాచ్‌మెన్, లిఫ్ట్, గేటు దగ్గర లైటు ఫ్లాటు పెద్దదైతే ఎక్కువ ఖర్చు కావు. పెయింటింగ్, టెర్రస్ విస్తీర్ణంతో పెరుగుతాయి. అందుకే నాకు మూడో దారి న్యాయంగా అనిపిస్తుంది. ఫ్లాట్లన్నీ ఇంచుమించు ఒకే సైజైతే ఈ చర్చ అసలు తేవొద్దు, సమానంగా పెట్టేయండి.

ఈ గైడ్‌లో మిగతా లెక్క సమాన పద్ధతి మీద: నెల ఖర్చుకు 1,650 (1,625ను కొంచెం పైకి సరిచేసి), రిపేరు నిధికి 500, మొత్తం 2,150. ఒకేసారి 650 పెంచడం బరువనిపిస్తే మొదటి ఏడాది నిధికి 250, రెండో ఏడాది నుంచి 500. నెల ఖర్చు భాగాన్ని మాత్రం విడతలు చేయొద్దు, లోటు అట్లాగే ఉండిపోతుంది.

పెంపు మాట రాగానే "జీఎస్టీ పడుతది" అని ఒకరు అంటారు. అసోసియేషన్ ఏడాది రాబడి 20 లక్షలు దాటి, పైగా ఒక్కో సభ్యుడి నెల మెయింటెనెన్స్ 7,500 దాటితేనే 18 శాతం ప్రశ్న వస్తుంది. మన ఉదాహరణలో ఏడాదికి వచ్చేది 6,19,200. భయపడాల్సింది లేదు.

6. ఇంటింటికీ వెళ్లండి, తర్వాత నోటీసు ఇవ్వండి

నోటీసు ముందు అతికించి తర్వాత మాట్లాడటం కంటే, ముందు మాట్లాడి తర్వాత నోటీసు అతికించడం మేలు. సాయంత్రం ఇద్దరు వెళ్లండి, ఒక్కరే వద్దు. ఖర్చుల కాగితం చేతిలో పెట్టి ముందు వాళ్ల మాట వినండి. వచ్చే అభ్యంతరాలు దాదాపు ఇవే.

"మేం గ్రౌండ్ ఫ్లోర్‌ల ఉంటం, లిఫ్ట్ ఎక్కనే ఎక్కం. మాకెందుకు?" పై లెక్కలో లిఫ్ట్ ఏఎంసీ ఫ్లాటుకు 125. మొత్తం వాదన 125 రూపాయలు, దానిమీద కొంత కరెంటు. ఈ అంకె చెప్పగానే వేడి సగం తగ్గుతుంది. లిఫ్ట్ అందరి ఆస్తి, వాళ్ల ఫ్లాటు అమ్మేటప్పుడు ధరలో అదీ ఉంటుందని నెమ్మదిగా చెప్పండి. బైలా ఒప్పుకుంటే, జనరల్ బాడీ సరేనంటే ఆ 125 తగ్గించినా పెద్ద నష్టం లేదు. కానీ కమిటీ సొంతంగా మాట ఇవ్వొద్దు.

"మా ఫ్లాటు ఖాళీగ ఉంది, పిల్లలు అమెరికల ఉన్నరు." ఖాళీ ఫ్లాటుకు నీళ్ల ట్యాంకర్ల వాటా తగ్గించమంటే ఆలోచించొచ్చు. వాచ్‌మెన్, లిఫ్ట్, రిపేరు నిధి మాత్రం ఫ్లాటులో మనిషి ఉన్నా లేకున్నా అంతే. విదేశాల్లో ఉన్న ఓనర్లకు కాగితం మెయిల్‌లో పంపి, వీడియో కాల్‌లో మీటింగ్‌కు రమ్మనండి. వాళ్ల తరఫున ఇంకొకరు ఓటు వేయొచ్చా లేదా బైలాలో చూసి ముందే చెప్పండి.

"పింఛన్ మీద బతికేటోళ్లం సార్." ఇది తేలిగ్గా తీసేసే మాట కాదు. ఏడాది మొత్తాన్ని వాళ్లకు వీలైనట్టు రెండు మూడు సార్లుగా కట్టే వెసులుబాటు ఇవ్వండి. ఈ సంగతి నలుగురిలో ఎత్తకండి, మీటింగ్‌లో వాళ్లే చెప్పుకునే పరిస్థితి తేకండి.

"రెండో ఫ్లోర్‌ల ఎనిమిది మంది పిల్లలు కిరాయికుంటున్నరు, నీళ్లన్నీ వాళ్లకే అయితున్నయి." నయీంనగర్, కిషన్‌పుర వైపు, యూనివర్సిటీ దగ్గర ఇది నిజంగా ఉన్న సమస్య. మనుషుల లెక్కన వసూలు చేయాలనుకుంటే రోజూ తగాదా. ఫ్లాటుకో నీళ్ల మీటర్ పెట్టడమే శాశ్వత దారి. అప్పటిదాకా ఆ ఫ్లాటు ఓనర్‌తో మాట్లాడి ట్యాంకర్ల వాటా ఎక్కువ పెట్టమనండి. పిల్లలను మెట్ల మీద ఆపి నిలదీయొద్దు.

నోటీసు బైలాలో చెప్పినన్ని రోజుల ముందు ఇవ్వాలి. అందులో తేదీ, సమయం, చోటు, పెంపు ప్రతిపాదన అంకెలతో సహా ఉండాలి. "ఇతర విషయాలు" కింద దాచి పెంపు తేవొద్దు. ఆదివారం ఉదయం మేలు. సద్దుల బతుకమ్మ, దసరా వారం, మేడారం జాతర రోజుల్లో పెట్టొద్దు, సగం ఫ్లాట్లకు తాళాలుంటాయి. జూన్‌లో స్కూలు ఫీజులు కట్టే వేళ కూడా వద్దు. మార్చి 31తో లెక్క ముగించి, ఏప్రిల్‌లో మీటింగ్ పెట్టి, జూలై 1 నుంచి అమలు అంటే అందరికీ ఊపిరాడుతుంది.

7. మీటింగ్ రోజు

వరుస ముఖ్యం. మొదట ఏడాది లెక్క, తర్వాత బాకీలు, తర్వాత తగ్గించిన ఖర్చులు, చివరన పెంపు. నేరుగా పెంపు నుంచి మొదలుపెడితే లెక్క చదివేదాకా ఎవరూ ఆగరు. మీటింగ్ నడిపేది కమిటీలో లేని పెద్దమనిషైతే మంచిది. ఒకే ప్రతిపాదన కాకుండా రెండు పెట్టండి: "2,150 ఇప్పుడే" ఒకటి, "ఈ ఏడాది 1,900, వచ్చే ఏడాది 2,150" ఇంకోటి.

కోరం (మీటింగ్ చెల్లడానికి కావలసిన కనీస హాజరు) ఉందో లేదో ముందు లెక్కబెట్టి, హాజరు సంతకాలు తీసుకోండి. ఓటు ఫ్లాటుకా, మనిషికా అనేది బైలా చెబుతుంది. కిరాయికి ఉన్నవాళ్లను కూర్చోనివ్వండి, మాట్లాడనివ్వండి, ఎందుకంటే చాలాచోట్ల చివరకు కట్టేది వాళ్లే. ఓటు మాత్రం ఓనర్‌ది.

వాట్సాప్ గ్రూపులో బొటనవేలు బొమ్మలు లెక్కబెట్టి "మెజారిటీ వచ్చింది" అనడం చెల్లదు. గ్రూపులో రాత్రి పదకొండింటికి అంకెల మీద వాదించొద్దు. ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసుకుని, జవాబులన్నీ ఒకేసారి పెట్టండి.

మినిట్స్‌లో తీర్మానం ఇట్లా రాయొచ్చు:

"గత ఆర్థిక సంవత్సరం జమాఖర్చులు చదివి ఆమోదించడమైనది. నెలవారీ మెయింటెనెన్స్ ఫ్లాటుకు రూ. 1,500 నుంచి రూ. 1,650కి పెంచుటకు, రిపేరు నిధికి అదనంగా నెలకు రూ. 500 వసూలు చేయుటకు, ఇవి జూలై 1 నుంచి అమలగుటకు తీర్మానించడమైనది. రిపేరు నిధి వేరే ఖాతాలో ఉంచవలెను. అనుకూలం ___, వ్యతిరేకం ___, తటస్థం ___."

వ్యతిరేకించిన వాళ్లు తమ పేరు, కారణం రాయమంటే రాయండి. అక్కడే చదివి వినిపించి సంతకాలు తీసుకోండి. ఇంటికి తీసుకెళ్లి రాస్తానని అనొద్దు.

8. మీరు పెంపు వద్దనేవాళ్లైతే

కట్టడం ఆపడం మొదటి ఆయుధం కాకూడదు. పాత రేటు కడుతూ, రాతపూర్వకంగా అడగండి: గత ఏడాది జమాఖర్చులు, బ్యాంకు స్టేట్‌మెంట్, బాకీల మొత్తం, పెంపుకు ఆధారమైన కొటేషన్లు, జనరల్ బాడీ నోటీసు, మినిట్స్. సభ్యులుగా ఇవి అడగడం మీ హక్కు. "లెక్కలు చూపించున్రి, సరిగ్గుంటే నేనే ముందు కడత" అనే మాట మీటింగ్‌లో ఎవరూ కొట్టేయలేరు.

లెక్క దొరికాక పైన 2వ దశలో చూపినట్టు బాకీని, తరుగును విడదీయండి. పెంపులో బాకీ పూడ్చే భాగం ఉంటే ఆ అంకె చూపి దాన్ని మాత్రమే వ్యతిరేకించండి. మొత్తం పెంపును వద్దంటే లిఫ్ట్ ఆగిన రోజు అందరూ మీ వైపే చూస్తారు. మీటింగ్, తీర్మానం అన్నీ సక్రమంగా జరిగాక కూడా మీకు నచ్చకుంటే, కొత్త రేటు కడుతూ ఒక లెటర్‌లో అభ్యంతరం రాసి రసీదు తీసుకోండి.

మాటలతో తెగకుంటే, 2001 సొసైటీల చట్టం 23వ సెక్షన్ కింద మధ్యవర్తిత్వానికి వెళ్లొచ్చు, లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు వేయొచ్చు. కమిటీకీ, సభ్యులకీ ఇద్దరికీ ఉన్న దారి అది. ఖర్చూ, ఏళ్లూ పడతాయి కాబట్టి ముందు రెండు వైపులా నమ్మే ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టడం మంచిది.

9. కట్టనివాళ్ల విషయంలో

నల్లా బంద్ చేయడం, కరెంటు తీయడం, లిఫ్ట్ ఎక్కనివ్వకపోవడం చేయొద్దు. ఇంట్లో ముసలివాళ్లు, పసిపిల్లలు ఉంటారు. పైగా పోలీస్ స్టేషన్‌కు వెళ్లాల్సింది మీరే అయ్యే ప్రమాదం ఉంది. వరుస ఇది: ఇంటికి వెళ్లి మాట్లాడటం, వాయిదాల ఒప్పందం, అసోసియేషన్ లెటర్ రిజిస్టర్డ్ పోస్టులో, ఆ తర్వాతే లాయర్ నోటీసు. ఫ్లాటు కొనేవాళ్లు సాధారణంగా నో డ్యూస్ లెటర్ (బాకీ లేదనే పత్రం) అడుగుతారు. బాకీ తీరకుండా అది ఇవ్వకండి.

కిరాయి ఇళ్లలో మెయింటెనెన్స్ ఎవరు కట్టాలో అగ్రిమెంటులో చూడండి. ఎవరు కట్టినా అసోసియేషన్‌కు జవాబుదారీ ఓనరే. రిపేరు నిధి ఓనరే కట్టడం న్యాయం. పదేళ్ల తర్వాత వేసే రంగుకు రెండేళ్లుండే కిరాయిదారు ఎందుకు కట్టాలి?

10. అమలయ్యాక సరిచూసుకోవడం

ప్రతి నెల 10వ తేదీలోపు గత నెల జమాఖర్చు ఒక పేజీలో లిఫ్ట్ పక్కన అతికించండి, గ్రూపులో కూడా పెట్టండి. ఇది ఒక్క నెల తప్పినా మళ్లీ అనుమానం మొదలవుతుంది.

సెప్టెంబర్ చివర, అంటే మూడు నెలలకు, ఈ నాలుగూ చూడండి.

- రావాల్సింది మూడు నెలలకు 1,54,800 (2,150 × 24 × 3). వచ్చిందెంత? తేడా ఉంటే ఏయే ఫ్లాట్లు?
- రిపేరు నిధి ఖాతాలో 36,000 ఉండాలి. తక్కువుంటే నెల ఖర్చుకు వాడేశారన్నమాట, ఎవరు ఎందుకు వాడారో రాయించండి.
- ఏ పద్దులోనైనా అంచనా కంటే పది శాతానికి మించి తేడా వచ్చిందా? కరెంటులో వస్తే మొదట మోటార్ నడిచే గంటలు, తర్వాత కారుతున్న పైపులు చూడండి.
- పాత బాకీ తగ్గిందా? పెంపు తర్వాత కొత్తగా ఆపినవాళ్లున్నారా? ఉంటే ఆ వారమే వాళ్లింటికి వెళ్లండి, ఏడాది ఆగొద్దు.

జూలై నుంచి ఫిబ్రవరి దాకా లెక్కలో కొంత మిగులు కనపడుతుంది. అది ఎండాకాలం ట్యాంకర్లది, దాన్ని చూసి ఎవరైనా "మిగులుతున్నయి కదా, తగ్గించున్రి" అంటే మార్చి, ఏప్రిల్, మే, జూన్ ఖర్చుల పట్టిక చూపించండి. జూన్ 30న కూడా మిగిలి ఉంటే అప్పుడు తగ్గించే ప్రతిపాదన కమిటీయే తేవాలి.